నీళ్లు చల్లగా ఉన్నాయా?

ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, కెనడా
ఆగస్టు, 2019

నీరజా,

ఒక్కదాన్నే వచ్చానని బెంగపడకు, క్షేమంగా చేరాను. పాతికేళ్ల కిందట మీ బావతో సెలవులకొచ్చిన ఎర్ర ఇసుక ఒడ్డే ఇది. అలలు అప్పటిలాగే నిద్రమత్తులో ఉన్నట్టు వస్తున్నాయి. ఆయన ముందు దిగితే, నేను గట్టున నిలబడి "నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగేదాన్ని. "వెచ్చగా ఉన్నాయి, రా" అనేవారు. నమ్మి ఒక్కసారీ దిగలేదు.

నిన్న ఆయన లేరన్నది మరిచి, అలవాటుగా పైకే అడిగేశాను.

"మస్తు సల్లగున్నయ్ ఆంటీ!"

సముద్రమే పలికిందనుకున్నా. చూస్తే నీళ్లలో ఒక అమ్మాయి. కావ్యశ్రీ అట, జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతోంది. చెయ్యి పట్టుకుని దింపింది.

ఆ పిల్లకి చల్ల మిరపకాయలు పంపు. నీ కంటి ఆపరేషన్ ఎప్పుడు? పిల్లలకు నా దీవెనలు.

మీ అక్క,
భ్రమరాంబ

అన్నట్టు, మీ బావ అబద్ధమాడలేదే. వెచ్చగానే ఉన్నాయి.