మామయ్య వైపు కొండలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఫోన్లో నీ మాట నాకు సగమే వినబడుతుంది, అందుకే రాస్తున్నాను. ఆదివారాలు నేనూ, గడియారాలు బాగుచేసే నా స్నేహితుడూ బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధం ఆడతాం కదా. పుస్తకాల బైండింగులో మిగిలిన అట్టలతో కొండలు, అడవులు, గోడలు నేనే చేశాను. వాటిని ఎక్కడ పెట్టాలన్న తగువుతోనే పూట గడిచిపోతోంది. నేను పెడితే వాడు ఒప్పుకోడు, వాడు పెడితే నేను ఒప్పుకోను. నువ్వు కంప్యూటర్ల మనిషివి. ఎవరి వైపూ మొగ్గకుండా దాన్నే పెట్టమను.

ఇట్లు,
యుద్ధం మొదలుకాకుండానే అలిసిపోయిన మామయ్య

తా.క. మొన్న మీ అత్తయ్య ఊడుస్తుంటే ఒక అడవి చెత్తబుట్టలోకి పోయింది. అడవులు పొదుపుగా వాడమను.

*

మామయ్యకు నమస్కారాలు.

ప్లాన్లు పంపుతున్నాను. ప్రోగ్రాం కొండల్నీ గోడల్నీ బల్ల మీదికి గుడ్డిగా విసురుతుంది. దాక్కోవడానికి ఎవరి సైన్యానికి ఎంత చోటు దొరికిందో లెక్కేస్తుంది. తేడా వస్తే అన్నీ తీసేసి మళ్ళీ విసురుతుంది. దానికి మొహమాటం లేదు. ప్రతి ప్లానులో కింద వైపు మీది.

మీ మేనకోడలు

తా.క. మొదటి ప్రయత్నంలో అడవులన్నీ బల్ల కిందే పడ్డాయి. అత్తయ్యని తలుచుకుని సరిచేశాను.

*

చిరంజీవికి,

మొహమాటం లేదన్నావు గానీ నీ యంత్రానికి పక్షపాతం ఉంది. ప్రతివారం ఒకే వైపు గెలుస్తోంది. రెండో మనిషి ముఖం చిన్నబోతోంది. ఇలాగైతే ఆట ఎన్నాళ్ళు సాగుతుంది? కాస్త ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

నీ మామయ్య

తా.క. యుద్ధం ఇంకా అవలేదని చెప్పి, ఆ గది ఊడవకుండా మీ అత్తయ్యని ఆపుతున్నాను.

*

మామయ్యకు,

ఓడిపోతున్నానని చెప్పడానికి మీకు నామోషీ. మీ చెల్లెలు, అంటే మా అమ్మ, అచ్చం ఇంతే. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. కానీ నాకున్నది ఒక్క మామయ్య, అందుకని దాని చెవిలో ఒక మాట వేశాను. ఇకనుంచి ఎత్తయిన కొండలన్నీ మీ వైపే పడతాయి. మీ స్నేహితుడికి తెలియనివ్వకండి.

మీ పక్షపు మేనకోడలు

తా.క. చదివాక ఈ ఉత్తరాన్ని అత్తయ్య ఊడ్చే దారిలో పడేయండి. ఆధారాలు మిగలవు.

*

ఓసి పిచ్చితల్లీ,

ఓడేది నేను కాదే, వాడు. భార్య పోయిన దగ్గర్నుంచీ వాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆదివారం నాతో ఆడేటప్పుడే నోరు విప్పుతాడు. వాడు గెలిచి నవ్వితే చూడాలని నేను అడిగితే, నువ్వు నాకు కొండలమీద కొండలిచ్చావు. నిన్న ఆట మధ్యలో లేచి, తన సైన్యాన్ని డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడేమోనని భయంగా ఉంది. కొండలన్నీ వాడికిచ్చెయ్.

గెలిచి ఏడుస్తున్న మామయ్య

తా.క. మీ అత్తయ్య గదంతా ఊడ్చింది. వాడి కుర్చీ మాత్రం కదపలేదు. తనకీ బెంగగానే ఉంది.

*

మామయ్యకు,

మీ స్నేహితుడు ఆ డబ్బా చంకలో పెట్టుకుని నిన్న మా ఆఫీసుకు వచ్చారు. సైన్యం మొత్తాన్ని తెరిచి చూపిస్తే గానీ వాచ్‌మన్ లోపలికి వదల్లేదట. మీకు చెప్పొద్దన్నారు, నేను చెబుతున్నాను.

"మీ మామ వైపు కొండలు తీసెయ్యమ్మా. వాడి చేతులు వణుకుతున్నాయి. కొండ మీద నిలబెట్టిన ప్రతి బొమ్మా పడిపోతోంది. పడితే చచ్చినట్టు లెక్క. పడినవాటిని నేను చూడనట్టే ఉండి, కావాలనే ఓడిపోతున్నాను. గెలిచిన రోజు వాడు చేతుల సంగతి మర్చిపోతాడు. మొన్న వరసంతా పడిపోతే చేతులు బల్ల కింద దాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చి లేచొచ్చేశాను" అన్నారు.

మీరు ఆయన్ని గెలిపించమన్నారు, ఆయన మిమ్మల్ని గెలిపించమన్నారు. ఇద్దరి సిఫార్సులూ కొట్టేశాను. ఇక అన్నీ పొట్టి కొండలే, ఇద్దరికీ సమానంగా.

మీ మేనకోడలు

తా.క. ఆయన పాత గడియారాల ఇత్తడి చక్రాలు అతికించి తన సైనికులందరి కాళ్ళకీ బరువు కట్టారు. ఇప్పుడు తోసినా పడరు. ఆదివారం వచ్చి, "నీ సైన్యం నాకు నచ్చింది, మార్చుకుందాం" అంటారు. ఎందుకని అడక్కండి.