బావ మమ్మల్ని పులికాట్‌కు తీసుకెళ్ళాడు

అక్కా,

నువ్వు పోయి రేపటికి మూడేళ్ళు. నిన్న బావ మమ్మల్ని కారులో పులికాట్ సరస్సుకు తీసుకెళ్ళాడు. ముందు సీట్లో ఆయన కొత్త భార్య కూర్చుంది. వెనక నేను, నీ కూతురు. అది పట్టుబట్టకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు.

వేల ఫ్లెమింగోలు ఉన్నాయక్కా. అన్నీ ఒక్కసారి లేచేసరికి రెక్కల కింద ఎరుపు కనిపించింది. గట్టుమీద ఒక నక్క మమ్మల్ని చూసి తుప్పల్లోకి దూరింది. పెళ్ళైనప్పటి నుంచి నువ్వు బావను అడిగింది ఈ పక్షుల్ని చూపించమని, అదొక్కటే. పొద్దున బయల్దేరి సత్యవేడు మీదుగా వెళ్ళి, సాయంత్రానికి నగరికి తిరిగొచ్చాం.

అక్కడ నీ కూతురు బావను నేరుగా అడిగింది. "నాయనా, అమ్మను ఎందుకు పిల్చుకోని రాలే?"

బావ నీళ్ళవైపు చూస్తూ, "అప్పుడు మగ్గాలు నిలిపేస్తే ఎట్లమ్మా? నాకు తీరిక యాడుండాది?" అన్నాడు.

కొత్తామె తల దించుకుంది. ఆమెను నేనేమీ అనలేను.

నిన్న కూడా మన మరమగ్గాలు ఆగలేదక్కా. వాటిని చూసుకోమని బావ పక్కింటాయనకు అప్పగించి వచ్చాడు. పొద్దున షెడ్డు తాళాలు ఆయన చేతికిచ్చింది నీ కూతురే.