మా పిన్ని మీద పడిన సీలు

తేది: ఫిబ్రవరి 11, బుధవారం

ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మన కళాశాల సామగ్రి పరీక్షా కేంద్రపు సీలుతో నేను మా పిన్నిపై ఇచ్చిన నివేదికను రద్దు చేయుట గురించి.

ఈ రోజు నిద్ర లేవగానే చూసిన వింతను ముందుగా మనవి చేసుకొనుచున్నాను. పొద్దెక్కినా మా పిన్ని ఇంట్లోనే ఉంది. తాను పనిచేసే డేకేర్ వారి నీలం కోటు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, దాని మీద అక్కడి బీరువా తాళంచెవి పెట్టుకుని కూర్చుంది. జ్వరమా అని అడిగాను.

"జ్వరం కాదే అమ్మలూ. ఇవాళ్టికి సెలవు చెప్పా. రేపు పొద్దున ఇవి అప్పజెప్పేసి మానేస్తున్నా. నువ్వు రాసింది చదివాను," అంది.

నేను పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఆమె డేకేర్‌లో ఆయా. పగలంతా పిల్లల్ని చూసుకుని, సాయంత్రం ఎవరి బిడ్డను వారి చేతిలో పెట్టడం ఆమె పని. ఆ పని మానుకొనుటకు దారితీసిన పరిస్థితులు ఈ క్రింది విధముగా ఉన్నవి:

1. ఈ సంవత్సరం నుంచి మా భవన నిర్మాణ శాఖ వంటి ఇతర శాఖల వారికి కూడా మనస్తత్వ శాస్త్రం వారానికొక గంట తప్పనిసరి చేసియున్నారు. మేస్త్రీలతో, కూలీలతో పని చేయించబోయే వాళ్ళం గనుక మాకు మనుషులు కూడా అర్థం కావాలని తమరే సెలవిచ్చారు. ఆ గంటను శనివారం చివరి పీరియడుగా డ్రాయింగు హాల్లో వేశారు. మావాళ్ళు ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని, హాజరు పలికి, వెనక తలుపు నుంచి జారుకుంటారు. "ఇటుకకి మనసుంటుందా మేడం?" అని ఒకడు అడిగితే, "ఇటుకకి లేదు నాయనా, మోసేవాడికి ఉంటుంది," అన్నారు ఆ పాఠం చెప్పే మేడం. ఆ రోజు నుంచి నేను ముందు వరుస స్టూలు మీదికి మారాను.

2. ఆ పాఠాల్లోని మాటలు నాకు పిచ్చిలా పట్టుకున్నాయి. ధారణ, అవధానం, ప్రేరణ. బస్సులో కూడా వాటిని పెదవుల మీద ఆడించుకునేదాన్ని. ఆ మాటలు తెలిస్తే మనుషులు తెలిసిపోయినట్టేననుకున్నాను. ఈ అంశము నా మీద నేనే చేసుకుంటున్న ఫిర్యాదుగా స్వీకరించగలరు.

3. ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒకరికి జ్ఞాపకశక్తి పరీక్ష చేసి రాసుకురమ్మన్నారు మేడం. అర్థంలేని అక్షరాలు చదివి వినిపించి, తిరిగి చెప్పించాలి. అటువంటి పరీక్ష ఎలా చేయకూడదో మేడం మిగతా శాఖల వారికి చెప్పిన శనివారం నాడు మా శాఖ వంతెన చూడటానికి వెళ్ళింది. మనస్తత్వం గంటే కదా అని ఆ పాఠం మళ్ళీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

4. ఆదివారం సాయంత్రం పిన్ని కుళాయి కింద గిన్నెలు తోముతుండగా మొదలుపెట్టాను. "జిక్, తోఫ్, మెల్" అన్నాను. "ఇవేం మాటలే! పళ్ళసెట్టు ఊడినాయన తుమ్మినట్టున్నాయి," అని నవ్వింది. నవ్వుతూనే తిరిగి చెప్పింది. మా శాఖలో కాంక్రీటు దిమ్మెను యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతాం. ఎక్కడ పగిలితే అదే దాని బలం. నాకు చేతనైన పరీక్ష అదొక్కటే. కనుక అక్షరాలు పెంచుకుంటూ పోయాను. "ఇంక చాలే, తల తిరుగుతోంది," అంది. నేను ఆపలేదు. చివరికి మొదటి అక్షరం కూడా గుర్తురాక, తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. నవ్వడం మానేసింది. నేను సంతోషించాను అయ్యా, ఫలితం వచ్చిందని.

5. మనస్తత్వానికి వేరే ఫారం లేదు. సిమెంటు పరీక్ష ఫారంలో "నమూనా" అన్నచోట "పిన్ని" అని రాశాను. అడుగున "వినియోగమునకు తగును / తగదు" అని అచ్చు వేసి ఉంటుంది. ఏదో ఒకటి కొట్టేయని ఫారం చెల్లదని మాకు నేర్పారు. "తగును" కొట్టేశాను. ల్యాబు అటెండరు గారు ఇసుక, కంకర కాగితాలతో కలిపి దానికీ గుండ్రటి సీలు వేసిచ్చారు. నిన్న సాయంత్రం దాన్ని ఇంట్లో బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళాను.

6. ఈ ఉదయం నేను ఎంత చెప్పినా పిన్ని వినలేదు.

"అది ఉత్తుత్తి కాగితం పిన్నీ."

"ఉత్తుత్తిదానికి సీలేస్తారటే?"

"ఇటివ్వు, నేను కొట్టేస్తా."

"వేసినవాళ్ళు కొట్టెయ్యాలి. నువ్వు కొట్టేస్తే అది నా మీద జాలి."

గొంతు తగ్గించింది. "ఒకరి బిడ్డని తీసుకెళ్ళి ఇంకొకరికి ఇచ్చేస్తే ఏం చెప్పుకోను? ఈమధ్య పేర్లు తడబడుతున్నానని నాకే అనుమానంగా ఉంది. నువ్వు ముందే కనిపెట్టావు. మేలు చేశావు తల్లీ," అని నా తల నిమిరింది.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. వేసినవాళ్ళ చేతే కొట్టేయిస్తానని ఆ కాగితం తీసుకుని, తలెత్తకుండా కాలేజీకి వచ్చేశాను.

7. నేరుగా మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "పరీక్షకు ముందు ఆ కుళాయి చప్పుడు లేకుండా కట్టేశావా?" అన్నారు. లేదన్నాను. "ఆపమని అడిగిందా?" అడిగిందన్నాను. "మరి ఎక్కడ ఆపావు?"

"పగిలినచోట మేడం."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అలా పెంచుకుంటూ పోతే నేనైనా ఎక్కడో ఒకచోట ఆగిపోతానమ్మా. మనిషి పనికొస్తుందో రాదో దాంతో తేలదు. ఆ పాఠం మీకు రెండోసారి చెప్పకపోవడం నా తప్పు. మీ పిన్నితో నేను మాట్లాడతాను. కానీ సీలు కొట్టేసే అధికారం నాకు లేదు," అన్నారు.

కావున తమరు దయయుంచి, జతపరచిన నివేదికపై ఎర్రసిరాతో "చెల్లదు" అని రాసి, సంతకం చేసి, అదే సీలు మళ్ళీ వేయించ ప్రార్థన. లోపం నమూనాలో లేదనీ, పరీక్షించిన మనిషిలో ఉందనీ కూడా ఒక ముక్క చేర్చగలరు. మేడంను గానీ, అటెండరు గారిని గానీ సంజాయిషీ అడగవద్దు. ఈ గోల ఎందుకని మనస్తత్వం పీరియడు తీసేయనూ వద్దు. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మావాడొకడు వాళ్ళ నాన్నమ్మకు ఎన్ని మార్కులొచ్చాయో క్యాంటీన్లో చెప్పి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. వచ్చే శనివారం మమ్మల్ని ఎక్కడికీ పంపక, తప్పిపోయిన ఆ పాఠం చెప్పించవలెను.

తప్పు నాదనీ, సీలు మాత్రమే తమదనీ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
భవన నిర్మాణ శాఖ, రెండో సంవత్సరం

మరొక మాట: తమరు మీటింగులో ఉన్నారనీ, ఈ అర్జీ రేపు మధ్యాహ్నం దాకా తమ బల్ల మీదికి రాదనీ గుమాస్తా గారు ఇప్పుడే చెప్పారు. పిన్ని అప్పటిదాకా ఆగదు. అందుకని రేపు పొద్దున నేనూ ఆమెతో డేకేర్‌కు వెళ్తాను. పిల్లల్ని దింపడానికి అమ్మలూ నాన్నలూ వచ్చే వేళ అది. పిన్ని నోరు తెరవకముందే, యజమానురాలికి వాళ్ళందరి ఎదుటే నేను చేసింది చెప్పేస్తాను. మొదటి మాట ఏమనాలో ఇంకా తెలియలేదు. ఏడుపు రాకుండా ఉంటే చాలు. వాళ్ళు అడిగినన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి, పిన్ని లోపలికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకునేదాకా గేటు దగ్గరే ఉంటాను. రేపు మొదటి పీరియడుకు నాకు హాజరు వేయవద్దు.