బంతిరేకల నూనె

లచ్చిమీ,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పొద్దున్న రైతుల మీటింగుకెళ్లేను. బంతిపూలలో ఫ్లేవనాయిడ్లు ఉన్నాయట, గాయాలకి మంచివట. పట్నం నుంచొచ్చిన ఆఫీసరు తెరమీద బొమ్మలేసి, తనే కనిపెట్టినట్టు సెప్పేడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"మా ఇంటిది గుమ్మానికి కట్టిన దండలు వాడిపోయేక, ఆ రేకలు కొబ్బరినూనెలో కాసి, సెరుకాకు కోసుకుపోయిన సేతులకి రాసేది బాబూ" అన్నాను.

"ఆవిడ ఏం చదివారు?" అన్నాడు. అందరూ నవ్వేరు.

ఎంత పొగరు వాడికి! ఇంటికొచ్చేదాకా తిడతానే ఉన్నాను. గుమ్మం కాడ నువ్వు దండలు కట్టే మేకులు కంటబడ్డాయి. పెళ్లయిన కొత్తలో నువ్వు ఆ నూనెగిన్నె తెచ్చి నా సెయ్యి పట్టుకుంటే, కూలోళ్లందరి ముందూ "ఏటే, డాక్టరీ సదివేవేటి?" అని నవ్వింది నేనే.