గడ్డి తీసేశాక

మీకు,

ఈ ఉదయం పిల్లి కంప్యూటర్ పెట్టె మీదకి ఎక్కి, చల్లటి రేకుని ఒకసారి వాసన చూసి, దిగిపోయింది. మీరు ఉద్యోగానికని ఆ ఊరు వెళ్ళిన నాటి నుంచి దాని పడక అక్కడే. ఆ పెట్టె ఎప్పుడూ పొయ్యిలా వెచ్చగా ఉండేది కదా. ఇప్పుడు వేడెక్కడం లేదు. పిల్లి నా వైపు కోపంగా చూసి ఇస్త్రీ బట్టల మీదకి మారిపోయింది.

ఇక్కడ అత్తయ్య, నేను, పిల్లి క్షేమం. ఉత్తరంలో రాయడానికి సరిపడేంత క్షేమం. మీరూ అలాగే ఉన్నారని మీ ఉత్తరం చూస్తే తెలిసింది.

నేను ఇంకా కాగితం మీద రాస్తానని మీరు నవ్వేవారు. పెళ్ళయ్యాక మీ దగ్గర నుంచి ఉత్తరం రావడం ఇదే మొదలు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోతే ఇంకేం చేయాలని రాశారు. నిజమే, ఎత్తలేదు. అయినా కవరు విప్పే ముందు చేతులు శుభ్రంగా తుడుచుకున్నాను. ఈ సంగతి రాయకూడదనుకున్నాను.

మీరడిగినవి చెబుతాను. అత్తయ్య మోకాలు బాగానే ఉంది, మేడ మెట్లు ఎక్కి దిగుతున్నారు. మీతో ఫోన్‌లో ముభావంగా మాట్లాడటం నొప్పి వల్ల కాదు. వంటింటి పైకప్పు కారడం ఆగింది. మేస్త్రీ వచ్చి రెండు పెంకులు మార్చాడు. నెలాఖరుకి ఉద్యోగం మానేసి అక్కడికి వచ్చేయమన్నారు, ప్రెస్‌లో చెప్పానా అని అడిగారు. దానికి జవాబు కింద రాస్తాను. ఇక మిగతా ఉత్తరమంతా ఫిర్యాదు గురించి. ఆదివారం కంప్యూటర్‌లో ఆ తుపాకుల ఆటలో మీరు గడ్డిలో పడుకుని ఉంటే ఎవడో కొత్తవాడు చూసి కొట్టాడని, ఆ గడ్డిలో మనిషి కనిపించడం జరిగే పని కాదని, వాడు పక్కా మోసగాడని రాశారు. ఆట కంపెనీకి మంచి ఇంగ్లీషులో ఫిర్యాదు రాసి పెట్టమన్నారు. కాన్వెంటులో చదివిన భార్య ఉండి ఆ మాత్రం లాభం లేకపోతే ఎలా అన్నారు.

ఆదివారాలు మీకు ఓవర్‌టైమ్ అని, ఆ రోజు ఆటే లేదని నాతో అన్నది మీరే. ఉత్తరం రాసే కోపంలో అది మర్చిపోయినట్టున్నారు.

నాకు ఎదుటి మనిషి మొహం చూస్తూ మాట్లాడటం రాదు. ఫోన్‌లో అయితే అవతల మాట ఆగినప్పుడల్లా నేనేదో తప్పు అన్నానేమో అనిపిస్తుంది. ఆటలో అలా కాదు. ఇద్దరం పక్కపక్కన నడుస్తుంటాం, చూపు దారి మీద ఉంటుంది, మాట దానంతట అదే వస్తుంది. ఇదే గదిలో మీ పక్కన కూర్చుని చెప్పలేనివి, మీరు వెళ్ళాక ఆ బొమ్మల అడవిలో నడుస్తూ చెప్పాను. ప్రూఫులు దిద్దుతూ నవ్వుకున్న తప్పులు, చదువుతున్న నవలలు. ఏడో తరగతిలో సిస్టర్ నన్ను బల్ల ఎక్కించినప్పుడు, ఏడవకుండా ఉండటానికి కిటికీ ఊచలు లెక్కపెట్టుకున్న సంగతి. అది అమ్మకి కూడా చెప్పలేదు.

తర్వాత మీరు నా బొమ్మ ఆగి ఆగి నడుస్తోందని, నా వల్ల జట్టంతా వెనకబడుతోందని, సెకనుకి అరవై ఫ్రేములు వచ్చేదాకా రావద్దని అన్నారు. ఫ్రేములంటే ఏమిటో అప్పుడు తెలుసుకున్నాను. సెకనులో తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె. నాకు పన్నెండు వచ్చేవి. అరవై వస్తే మీరు మళ్ళీ పక్కన నడుస్తారనుకున్నాను. నాకు చదవడం ఒక్కటే వచ్చు. కాబట్టి దాని గురించే చదివాను.

ఒక సెలవు రోజున పెట్టె విప్పాను. అత్తయ్య టార్చి పట్టుకున్నారు. ఫ్యాను వెనక దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది.

"ఇదేమిటే, దీనితో ఓ దిండు కుట్టొచ్చు!" అన్నారు.

పాత రంగుల బ్రష్షుతో అదంతా దులిపాను. అప్పుడు వెనక వైపు చూస్తే, మానిటర్ కేబుల్ ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి పెట్టి లేదు. దాని పైన ఉన్న మామూలు రంధ్రానికి పెట్టి ఉంది. మీరు అంత గొప్పగా చెప్పిన కార్డు ఇన్నాళ్ళూ ఊరికే కూర్చుంది. వెళ్ళే రోజు పొద్దున పెట్టెని ముందు గదిలోంచి మన గదిలోకి మార్చి తీగలన్నీ కలిపింది మీరే.

"చిన్నప్పుడూ అంతే," అన్నారు అత్తయ్య. "కుళాయి విప్పేవాడు. నీళ్ళు నేను ఎత్తిపోసేదాన్ని."

మీరు చిన్నబుచ్చుకుంటారని ఆ సంగతి మీకు ఎప్పటికీ చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. కేబుల్ మార్చగానే అంకె నలభైకి వెళ్ళింది. తర్వాత సెట్టింగుల్లో నీడలు తీసేశాను. నీటి మీద మెరుపులు తీసేశాను. చివరికి గడ్డి కూడా తీసేశాను. ఒక్కో గడ్డి పరకనీ గీయడానికే మిషన్ బలం సగం పోతుందట. అంకె అరవై దాటింది. అత్తయ్య చప్పట్లు కొట్టారు. మీకు చెప్పకుండా కొత్త పేరుతో నాలుగు రోజులు సాధన చేసి, ఒకరోజు హఠాత్తుగా మీ పక్కన వచ్చి నిలబడదామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మనం ఎప్పుడూ ఆడే సర్వర్‌లోకి ఒక్కదాన్నే వెళ్ళాను. గోడౌన్ పైకప్పు ఎక్కాను. కింద బోడి నేల. దాని మీద ముగ్గురు బోర్లా పడుకుని ఉన్నారు, కదలకుండా, చాలా గంభీరంగా. మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. వాళ్ళ తెరల మీద నడుమెత్తు గడ్డి ఉంది. నా తెర మీద లేదు.

ఆ ఆటలో దగ్గరున్న వాళ్ళ మాటలు ఎదుటి జట్టుకి కూడా వినిపిస్తాయి కదా. ముందు ఎవరో గొంతు సవరించుకున్నారు. మాట్లాడే ముందు మీరలాగే చేస్తారు.

"ఏం గురూ, వదిన రావడం లేదేం ఈ మధ్య?" అన్నాడు పక్కవాడు.

"అరవై వచ్చేదాకా రావద్దన్నా." అది మీ గొంతే. " ఆ డొక్కు మిషన్‌కి అరవై ఏ జన్మకి వస్తాయి!"

"వదిన నడుస్తుంటే ఆల్బమ్ తిప్పినట్టుండేదిరా. అడుగుకో ఫోటో."

"నడకదేముందిరా బాబూ, ఆ కథలు భరించాలి. స్కూల్లో కిటికీ ఊచలు లెక్కపెట్టిందట. ఎన్ని అని అడిగితే ఆ లెక్క కూడా చెబుతుందేమోనని నోరు మూసుకున్నా."

ముగ్గురూ నవ్వారు. మీ నవ్వు అందరికంటే ఆలస్యంగా ఆగింది.

"మరి ఉద్యోగం మాన్పించి తెచ్చుకుంటున్నావుగా. అప్పుడేం చేస్తావు?"

"వచ్చాక వంటిల్లుంటుంది. వంటింట్లో మైకుండదు."

నేను ఆ ఆటలో ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. మీ పక్కన నడవడానికే వచ్చేదాన్ని. ఆ రోజు కొట్టాను. అరవై ఫ్రేములుంటే గురి అస్సలు వణకదని మీరు చెప్పేవారు. నిజమే, వణకలేదు. మిగతా ఇద్దరినీ వదిలేశాను, వాళ్ళు నాకేమీ కారు.

కాబట్టి ఫిర్యాదు రాయలేను. అందులో మోసం లేదు. గడ్డి తీసేసే వీలు అందరి సెట్టింగుల్లోనూ ఉంది, మీ దాంట్లోనూ ఉంది. గాలికి గడ్డి ఊగకపోతే అదేం ఆట అని మీరే ఉంచుకున్నారు.

ఇక ఉద్యోగం. మానేస్తానని మా యజమానికి నెల మొదట్లోనే చెప్పాను. మొన్న మళ్ళీ ఆయన గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. అలా నిలబడటం నాకు ఎంత కష్టమో మీకు తెలుసు. కాదు, తెలుసనుకునేదాన్ని.

"మానడం లేదండీ," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "అదేమిటమ్మాయ్, మరి మీ ఆయన?" అన్నారు.

"ఆయన ఆడుకుంటున్నారండీ."

నన్నొకసారి చూసి, కొత్త ప్రూఫుల కట్ట నా ముందుకి తోశారు. అప్పటి నుంచి దాని మీదే ఉన్నాను. ఎవరిదో యాత్రా రచన. బాగుంది. ఎలా ఉందో రాయబోయి ఆగాను.

కంప్యూటర్ మీ గదికి పంపించమంటే పంపిస్తాను. కేబుల్ ఎక్కడ పెట్టాలో అట్టముక్క మీద బాణం గుర్తు వేసి అంటిస్తాను.

ఒక సంగతి రాయలేదు. ఆ ఆదివారం నేను హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. స్పీకర్లు పెట్టి ఉన్నాయి. అత్తయ్య నా పక్క కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు