ఎనభై ఒకటో పేజీ

లాస్ ఏంజెలస్,
ఫిబ్రవరి 9, 1976

ప్రియమైన అన్నయ్యా,

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ముప్పై రెండేళ్ళొచ్చాక మళ్ళీ బడికి పోతున్నాను. పగలంతా స్టూడియోలో ఊళ్ళోవాళ్ళ స్క్రీన్‌ప్లేలు టైపు కొడతాను. మంగళవారం సాయంత్రాలు నా స్క్రీన్‌ప్లే నేను రాసుకోవడం నేర్చుకుంటాను. మా మాస్టారు హెర్షెల్ మొస్కో ఒకప్పుడు కౌబాయ్ సినిమాలు రాసి, ఇప్పుడు మమ్మల్ని తిట్టి బతుకుతున్నాడు. మొదటిరోజే నా కాగితం పైకెత్తి, "'ఆమె మనసు కలుక్కుమంది' అట! ఆ కలుక్కు ఏ కెమెరాకి కనపడుతుందమ్మా? చేతులేం చేశాయో రాయి, చాలు" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చి, తర్వాత రాయడానికి కూర్చున్నాను.

కథ మనింటిదే. అమ్మ రెండో మొగుడు డ్వైట్ కాలవలో పోయిన రోజు. రోడ్డు కింద గొట్టంలో నాచు తీయడానికి దిగాడనీ, పైన కాలవ నీళ్ళని ఆపే తలుపు చెక్క పుచ్చిపోయి విరిగి నీళ్ళు మీద పడ్డాయనీ అందరూ చెప్పిందే నాకూ తెలుసు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జ్వరంతో మంచం మీద ఉన్నానని నువ్వే అంటావు. నాకేమీ గుర్తులేదు. కాస్త సాయం చెయ్యి. ఆ తలుపు ఎత్తే చక్రం తిప్పడానికి బరువా? ఎన్ని చుట్లు?

నీ చెల్లి,
లోర్నా

కార్డెల్,
ఫిబ్రవరి 17

చెల్లాయ్,

నవ్వలేదు. మీ వదిన బెర్నీస్ మాత్రం నవ్వింది. సినిమావాళ్ళ పార్టీలకి పిలిస్తే కొత్త గౌను కుట్టించుకుంటుందట. ఈసారి మంచు మన నారింజలని వదిలేసింది.

నీకు కథలే కరువయ్యాయా? మన చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ ముగ్గురు మొగుళ్ళ సంగతి రాసినా మూడు నెలలు ఆడుతుంది. డ్వైట్‌ని వదిలెయ్. బతికున్నప్పుడు వాడు మనకి చేసింది చాలు. చక్రం సంగతి నన్ను అడగకు.

ఒంట్లో జాగ్రత్త.
అన్నయ్య వెండెల్

లాస్ ఏంజెలస్,
జూన్ 3

ప్రియమైన అన్నయ్యా,

అమ్ముడైపోయింది! ఏజెంటు ఫోన్ చేసి చెప్తుంటే నమ్మబుద్ధి కాలేదు. శుక్రవారం పంపితే సోమవారానికి నిర్మాత చదివి కొనేశాడు.

నీతో ఒకటి చెప్పాలి. మొదటి ప్రతిలో చెక్క విరిగినట్టే రాశాను. మొస్కో విసిరికొట్టాడు. "చెక్క విరిగి మనిషి చచ్చాడంటే పేపర్లో వార్త. ఎవరో కావాలని చేస్తే కథ. ఎవరికి కావాలది?" అన్నాడు. అందుకని ఆ ఇంటి పెద్ద కొడుకు తలుపు ఎత్తినట్టు మార్చాను. వాడికి పదిహేనేళ్ళు, చెల్లెలంటే ప్రాణం. నువ్వు కాదు బాబూ, నీ వయసు అరువు తెచ్చుకున్నాను, అంతే. కోపం తెచ్చుకోకు.

ప్రేమతో,
లోర్నా

కార్డెల్,
జూన్ 10

చెల్లాయ్,

కోపమేమీ లేదు. ఊరు వాడు నేనేననుకుంటుంది. అనుకోనీ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ కుర్రాడినే ఉంచు. సినిమావాళ్ళు అదీ ఇదీ మార్చమంటారని విన్నాను. ఎవరేమన్నా సరే, తలుపు దగ్గర వాడే ఉండాలి. ఎందుకని అడగకుండా ఈ ఒక్క మాట విను.

అన్నయ్య

లాస్ ఏంజెలస్,
సెప్టెంబరు 20

ప్రియమైన అన్నయ్యా,

నీ మాట నిలబెట్టలేకపోయాను. "కుర్రాడేనని జనం అరగంటలో పట్టేస్తారు. ఇంకొకరెవరైనా ఉన్నారా ఆ ఇంట్లో?" అన్నాడు నిర్మాత. ఉన్నది ఆ చిన్నపిల్లే కదా. ఆ పిల్లే తలుపు ఎత్తే సీను మధ్యాహ్నం మొదలుపెట్టి ఒక్క దిద్దుబాటు లేకుండా కొట్టేశాను. మొస్కో రెండుసార్లు చదివాడు. "ఇది నేను నేర్పింది కాదు" అన్నాడు చివరికి. పొగిడాడనే అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడంలేదు.

స్టూడియో లాయర్ల పద్ధతి ఒకటుంది. ప్రతి పేజీ పక్కనా ఏది నిజమో, ఏది కల్పనో రాసివ్వాలి. కాలవ, గొట్టం, అమ్మ దెబ్బలు నిజమని రాశాను. ఆ పిల్ల సీనున్న ఎనభై ఒకటో పేజీ పక్కన 'పూర్తిగా కల్పన' అని రాశాను. అన్నయ్య నిజం మనిషి, బతికే ఉన్నాడని నీ చిరునామా ఇచ్చాను. అందుకే నీకు సమ్మతి పత్రం, పేజీలు పంపుతున్నారు. నువ్వు సంతకం పెడితేనే సినిమా తీస్తారు. కాలవ చూడటానికి కూడా స్టూడియో మనుషులొస్తారు. అప్పట్లో విచారణకొచ్చిన పోలీసు డెప్యూటీ ఓర్వల్ టీగ్‌ని కలుస్తామంటున్నారు.

నీ లోర్నా

లాస్ ఏంజెలస్,
అక్టోబరు 14

అన్నయ్యా,

మూడు వారాలైంది. ఫోను ఎత్తవు. వదిన ఎత్తి "పొలంలో ఉన్నాడమ్మా" అని పెట్టేస్తుంది. సంతకం ఇష్టం లేకపోతే మానెయ్, సినిమా పోతే పోనీ. నాకు భయంగా ఉంది. ఏదో ఒకటి రాయి.

లోర్నా

కార్డెల్,
అక్టోబరు 22

ప్రియమైన లోర్నా,

ఇన్నేళ్ళలో నీకు 'ప్రియమైన' అని ఎప్పుడూ రాయలేదు, సిగ్గేసి. ఇప్పుడు రాయాలనిపించింది.

పేజీలు చదివాను. ఆ పిల్ల గట్టు మీద బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి లోపల దోపి, రెండూ పక్కపక్కన పెట్టి, అప్పుడు చక్రం పట్టుకుంటుంది. ఆ సంగతి నీకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను తప్ప ఎవరూ చూడలేదు. నీ ఆ బూట్లు నేనే పొయ్యిలో పెట్టి కాల్చేశాను. దానంతటదే విరిగినట్టు కనపడాలని తలుపు చెక్కని గొడ్డలితో విరగ్గొట్టింది కూడా నేనే. నీకు జ్వరమొచ్చింది ఆ తర్వాత. జ్వరం తగ్గేసరికి నీకేమీ గుర్తులేదు. నేను చర్చికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి దణ్ణం పెట్టాను.

అది పొరపాటున జరిగిందని రాయాలని ఉంది. కానీ నేను పరిగెత్తుకొచ్చేసరికి నువ్వు చక్రం వదిలి, "ఇంక అమ్మని కొట్టడు" అన్నావు. గొట్టంలోంచి వాడు అరుస్తూనే ఉన్నాడు. తలుపు దించే టైముంది. దించడానికి నాకు చేతులున్నాయి. నేను దించలేదు. కాబట్టి దీన్ని నీ ఒక్కదాని మీద వేసుకోకు.

కాలవ చూడటానికొచ్చినవాళ్ళు టీగ్‌కి ఆ పేజీలు చదవమని ఇచ్చారు. నిన్న వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. కాఫీ వద్దన్నాడు. "ఆ రోజు మంచం మీద పిల్ల కాళ్ళకి బురద చూశాను వెండెల్. బూట్లేవని అడిగితే పోయాయన్నావు. ఇరవై మూడేళ్ళు ఆగాను" అన్నాడు. నేనే తలుపు ఎత్తాననీ, నువ్వు నా వెనకాల వచ్చావనీ చెప్పాను. సోమవారం స్టేషన్‌కి వెళ్ళి అదే రాసిస్తాను. బెర్నీస్‌కి తెలుసు.

నీకు చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ ఊరికే మార్చమంటే నువ్వు ఎందుకని అడుగుతావు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టలేదు. తలుపు దగ్గర కుర్రాణ్ణి పెట్టి, ఆ పేజీ పక్కన 'నిజం' అని రాసి పంపు. అప్పుడు పెడతాను. టీగ్‌కి నేను రాసిచ్చేదానికీ, తెర మీద వచ్చేదానికీ తేడా ఉండకూడదు.

ఇది చదివాక నీకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తుందో, రాదో. వస్తే మాత్రం నాకు రాయకు.

నీ అన్నయ్య,
వెండెల్