ఒంటెకు మంజూరైన అనుమతి

జంతు పరిశోధనల నైతిక సంఘం కార్యదర్శి గారికి, నమస్కారం.

మీ అనుమతి పత్రం ఈ రోజు అందింది. ఒంటె సోమవారం జబ్బుతో చనిపోయింది. కాబట్టి నా ప్రతిపాదనను దయచేసి మూసివేయండి.

ఏ ప్రోటీన్‌కైనా తగిలించగల చిన్న పెప్టైడ్ గుర్తు ఒకటి నేను తయారుచేశాను. దానిని ఒంటెకు సూదితో ఎక్కించి, దాన్ని పట్టుకోవడానికి ఒంటె ఒంట్లో తయారయ్యే బుల్లి యాంటీబాడీని రక్తం నుంచి తీయాలనుకున్నాను. నాకు దొరికిన ఒంటె ఒక్కటే. తిరుచానూరులో యాత్రికుల పిల్లలను ఎక్కించుకుని తిప్పే మస్తాన్ గారిది. మార్చితో నా ఫెలోషిప్ ముగుస్తుంది. మరో ఒంటెను వెదికే వ్యవధి లేదు.

ఆలస్యానికి మిమ్మల్ని నిందించను. జూలై సమావేశంలో, సూది వల్ల దానికి ఎంత నొప్పి కలుగుతుందని మీరు అడిగారు. స్వల్పమేనని చెప్పి ఆధారం చూపితే సరిపోయేది. మాంసం తినేవారికి ఆ ప్రశ్న వేసే అర్హత ఉందా అని నేను ఎదురడిగాను. మీరు నిర్ణయాన్ని ఆరు నెలలు వాయిదా వేశారు. వాదనలో గెలిచానని హాస్టల్లో చెప్పుకున్నాను.

అనుమతి వస్తుందన్న నా మాట నమ్మి మస్తాన్ గారు ఆ ఒంటెను అమ్మకుండా ఉంచారు. సోమవారం ఫోన్ చేసి, "నీకు మాటలు బాగా వస్తాయి గదప్పా, ఈడికొచ్చి దీన్ని లేపు సూద్దాం" అన్నారు.

వెళ్ళాను. గొయ్యి తవ్వేవాళ్ళకు నీళ్ళు అందించి తిరిగి వచ్చాను.

విధేయతతో,
పరిశోధక విద్యార్థి